సందెవేళ రిలే టకటకా కొట్టుకుంటోందంటే తప్పు సెన్సార్‌ది కాకపోవచ్చు

మీరు అడిగింది ఇది: ఆర్డ్యునో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకి ఒక ఎల్‌డీఆర్ (వెలుతురుని బట్టి నిరోధం మారే సెన్సార్), ఒక రిలే మాడ్యూల్ (బోర్డు చెప్పినట్టు లైటుని వేసి ఆర్పే స్విచ్) కలిపి, చీకటి పడితే వరండా లైటు వెలిగేలా, తెల్లారితే ఆరేలా పెట్టారు. పగలంతా బాగానే ఉంటోంది. సాయంత్రం మసక పడేసరికి రిలే టకటకా కొట్టుకుంటూ లైటు మిణుకుమిణుకుమంటోంది. ఎల్‌డీఆర్ మార్చి చూసినా అదే తంతు. సెన్సార్ పాడైందా, కోడ్ తప్పా అన్నది మొదటి ప్రశ్న. ఇదే పద్ధతిలో గీజరు, నీళ్ల మోటారు, ఫ్యాను కూడా పెట్టుకోవచ్చా అన్నది రెండోది.

ముందు సూటిగా జవాబు. మీ సెన్సార్ బాగానే ఉంది. వెలిగించడానికి ఒక గీత (సెన్సార్ అంకెకి మీరు పెట్టుకునే హద్దు), ఆర్పడానికి వేరే గీత పెట్టండి. వెలుతురు గీత దాటగానే తొందరపడకుండా కాసేపు ఆగి, ఇంకా అలాగే ఉందని తేలాకే రిలేని కదపండి. సెన్సార్‌కి తన లైటు తనకే కనపడకుండా చూడండి. ఈ మూడూ చేస్తే ఆ టకటక పోతుంది. రెండో ప్రశ్నకి జవాబు: గీజరు వద్దు, మోటారుని నేరుగా ఆ చిన్న రిలే మీద అసలే పెట్టొద్దు, ఫ్యానుకీ వెలుతురుకీ సంబంధమే లేదు.

ఇక కారణాలు. ఇలాంటి చిన్న కంట్రోల్ బోర్డులు చేసి బిగించడం నాకు పన్నెండేళ్లుగా అలవాటు. నా తొలి బోర్డు కూడా అచ్చం మీ బోర్డులాగే కొట్టుకుంది. ఒక సాయంత్రం లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని సీరియల్ మానిటర్ (బోర్డు చదివే అంకెలు చూపించే విండో, వెలుతురు తగ్గితే అంకె తగ్గుతుంది) చూస్తుంటే అంకెలు 404, 398, 401, 396, 403 అంటూ దొర్లుతున్నాయి. నేను పెట్టుకున్న గీత 400. అంకె ఎటు ఒరిగితే రిలే అటు. ఊనోలో ఒక అనలాగ్ రీడింగ్‌కి పట్టేది సుమారు 100 మైక్రోసెకన్లు. అంటే మనం ఒకసారి కన్ను మూసి తెరిచేలోపు అది వందలసార్లు మనసు మార్చుకోగలదు. రిలేకి అంత వేగం లేదు కాబట్టి అందుకున్నంత వరకు కొట్టుకుంటుంది.

వెలుతురు ఒక్కసారిగా పడిపోయేది కాదు. నడినెత్తి ఎండలో లక్ష లక్స్ (వెలుతురు కొలిచే యూనిట్) దాకా ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున సూర్యుడు దిగిపోయే క్షణానికి సుమారు 400 లక్స్. అక్కడి నుంచి 3, 4 లక్స్‌కి దిగడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆ అరగంటలో మీ గీత దగ్గరికి వచ్చిన వెలుతురు అక్కడక్కడే తారట్లాడుతుంది. ఓ మబ్బు తునక జరిగినా, చెట్టు కొమ్మ ఊగినా, ఎవరైనా సెన్సార్ ముందు నుంచి నడిచినా అంకె అటూ ఇటూ అవుతుంది. ఎల్‌డీఆర్ మార్చినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే.

కోడ్ ముట్టుకునే ముందు ఒక పరీక్ష చేయండి. టకటక ఎప్పుడు వస్తోందో గమనించండి. సందెవేళ పది పదిహేను నిమిషాలు కొట్టుకుని తర్వాత దానంతటదే సద్దుమణిగితే, ఒకే గీత పెట్టడం వల్ల వచ్చిన తిప్పలు. బాగా చీకటి పడ్డాక కూడా రాత్రంతా తాళం వేసినట్టు ఒకే లయలో వెలిగి ఆరుతుంటే, లైటు తన సెన్సార్ మీద తానే పడుతోందని అర్థం: వెలిగింది, సెన్సార్ పగలనుకుంది, ఆర్పింది, మళ్లీ చీకటి. ఈ రెండూ కాక, ఇంట్లో మిక్సీయో మోటారో వేసినప్పుడు మాత్రమే కొట్టుకుంటే వెలుతురుతో పనే లేదు. పవర్ సప్లైలోనో సెన్సార్ వైరులోనో గోల ఉంది. చాలామంది ఈ మూడిటినీ ఒకే జబ్బు అనుకుని కోడ్‌లో డిలే పెంచుకుంటూ పోతారు. డిలే పెంచితే రెండో రకం జబ్బు తగ్గదు, సెకనుకోసారి కొట్టుకునేది నిమిషానికోసారి కొట్టుకుంటుంది, అంతే.

సెన్సార్ వైరింగ్ సంగతి చకచకా చెప్పేస్తాను, మీరు ఎలాగూ చేసేశారు కాబట్టి. ఎల్‌డీఆర్ ఒక కాలు 5 వోల్టులకి, రెండో కాలు అనలాగ్ పిన్‌కి, అదే పిన్ నుంచి 10 కిలోఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి. ఎక్కువగా దొరికే జీఎల్5528 రకం ఎల్‌డీఆర్ 10 లక్స్ వెలుతురులో 8 నుంచి 20 కిలోఓమ్‌ల మధ్య ఉంటుంది, కటిక చీకట్లో మెగాఓమ్‌కి వెళ్తుంది. ఈ 8కీ 20కీ మధ్య తేడా చూశారా? ఒకే కవర్‌లోంచి తీసిన రెండు ఎల్‌డీఆర్‌లు కూడా ఒకే అంకె చూపించవు. అందుకే ఎవరో ఇచ్చిన కోడ్‌లోని 400ని, 500ని నమ్ముకోవద్దు. నేనిక్కడ చెప్పే అంకెలనీ నమ్ముకోవద్దు. మీ సెన్సార్ మీ గోడ మీద ఏం చూపిస్తోందో చూసి రాసుకోండి.

ఎలా రాసుకోవాలంటే, సాయంత్రం మీ కంటికి "ఇప్పుడు లైటు వేసుకుందాం" అనిపించిన క్షణంలో రీడింగ్ చూడండి. అది 300 అనుకుందాం. అదే వెలిగించే గీత. తర్వాత బాగా చీకటి పడ్డాక లైటు మామూలు స్విచ్‌తో వేసి ఒక రీడింగ్, ఆర్పి ఒక రీడింగ్ తీసుకోండి. వేసినప్పుడు 180, ఆర్పినప్పుడు 15 వచ్చిందనుకోండి, మంచిదే, మీ లైటు సెన్సార్‌ని మోసం చేసేంత లేదు. వేసినప్పుడు 520 వస్తే మాత్రం కోడ్ రాయడం ఆపి సెన్సార్‌ని అక్కడి నుంచి పీకేయాలి. ఆర్పే గీత, లైటు వేసినప్పటి రాత్రి రీడింగ్ కంటే బాగా పైన ఉండాలి. మన ఉదాహరణలో 500 పెట్టుకోవచ్చు. 300కీ 500కీ మధ్య ఏ అంకె వచ్చినా రిలే ఉన్నచోటే ఉంటుంది. వెలిగి ఉంటే వెలిగే ఉంటుంది, ఆరి ఉంటే ఆరే ఉంటుంది. దీన్నే హిస్టెరిసిస్ అంటారు. పేరు చూసి బెదిరిపోకండి, కోడ్‌లో ఒకటికి రెండు షరతులు, అంతే.

ఇక టైము. ఒక్క రీడింగ్‌ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోవద్దు. 100 మిల్లీసెకన్ల పాటు రీడింగులు తీసి సగటు కట్టండి. ఈ 100 ఊరికే అన్న అంకె కాదు. ఏసీ కరెంటు మీద నడిచే చాలా లైట్లు మన కంటికి కనపడకుండా సెకనుకి 100 సార్లో 120 సార్లో మినుకుతాయి. 100 మిల్లీసెకన్లలో 50 హెర్ట్జ్ అయితే సరిగ్గా 5 ఆవృత్తాలు, 60 హెర్ట్జ్ అయితే సరిగ్గా 6 పూర్తవుతాయి. కాబట్టి ఆ మినుకు సగటులో కరిగిపోతుంది. ఎల్‌డీఆర్ కాస్త బద్ధకంగా స్పందిస్తుంది కాబట్టి దానికి ఇది మరీ పెద్ద సమస్య కాదు కానీ, దాని బదులు చురుగ్గా స్పందించే ఫోటో ట్రాన్సిస్టర్ వాడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత, సగటు 300 కంటే కింద ఏకధాటిగా ఒక నిమిషం ఉంటేనే వెలిగించండి. 500 పైన ఏకధాటిగా ఐదు నిమిషాలు ఉంటేనే ఆర్పండి. మధ్యలో ఒక్కసారి గీత దాటి వెనక్కి వచ్చినా లెక్క మళ్లీ సున్నా నుంచి. రెండు వైపులా ఒకే సమయం ఎందుకు పెట్టలేదంటే, లైటు ఐదు నిమిషాలు ఎక్కువ వెలిగితే ఎవరికీ నష్టం లేదు. మెట్లు దిగుతుంటే ఆరిపోతే కాలు విరుగుతుంది. పైగా వీధిలో మలుపు తిరిగే బండి హెడ్‌లైటు, మెరుపు, ఎవరో కొట్టిన టార్చి, ఇవేవీ ఐదు నిమిషాలు ఆగవు.

దీనికి డిలే ఫంక్షన్ వాడకండి, ఆ ఐదు నిమిషాలు బోర్డు మొద్దునిద్ర పోతుంది. మిల్లిస్ (బోర్డు ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు చెప్పే ఫంక్షన్) వాడండి. ఆ లెక్క దాదాపు 49.7 రోజులకోసారి మళ్లీ సున్నాకి వస్తుందని భయపెడుతుంటారు. ఇప్పటి విలువలోంచి పాత విలువ తీసేసి, ఆ తేడాని మీ గడువుతో పోలిస్తే ఏమీ కాదు, అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని పెద్ద అంకెల) వేరియబుల్ పెట్టినంత కాలం. "పాత విలువ ప్లస్ గడువు" అని కూడి పోల్చేవాళ్లకే ఆ రోజు తిక్క తిక్కగా నడుస్తుంది.

సెన్సార్ ఎక్కడ పెట్టాలన్నదే నా దృష్టిలో సగం పని, దీని మీదే అందరూ అతి తక్కువ ఆలోచిస్తారు. కాస్త పైకి, ఆకాశం వైపు, లైటుకి వీపు తిప్పి ఉండాలి. నల్లటి చిన్న గొట్టంలో, రెండు మూడు అంగుళాల లోపలికి దోపితే పక్కల నుంచి వచ్చే వెలుగు తగ్గుతుంది. నేరుగా ఎండ పడే చోటు వద్దు. ఒకసారి వాన పడకుండా ఉంటుందని సెన్సార్‌ని కిటికీ లోపల అద్దానికి ఆనించి పెట్టాను. పగలంతా భేష్. రాత్రి గదిలో లైటు వేయగానే అద్దం మీద దాని ప్రతిబింబం పడి, సెన్సార్ దాన్ని చూసి బయటి లైటు ఆర్పేసింది. రాత్రిపూట కిటికీ అద్దం లోపలి నుంచి సగం ముఖం చూసుకునే అద్దమేనని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఇంకోసారి మధ్యాహ్నం రెండింటికి లైటు భేషుగ్గా వెలుగుతోందని పిలిచారు. వెళ్లేసరికి రీడింగ్ 60. కోడ్, వైర్లు, సోల్డరింగ్ అన్నీ వెతికి గంట పోగొట్టాక గొట్టంలోకి టార్చి వేసి చూస్తే, లోపల సాలీడు దుప్పటి నేసినంత దట్టంగా గూడు కట్టింది. పుల్లతో తీసేయగానే 900. అప్పటి నుంచి గొట్టం మూతికి పారదర్శకమైన మూత పెడుతున్నాను. కొన్నాళ్లకి అదీ దుమ్ము పట్టి, ఎండకి పసుపెక్కి, లైటు రోజురోజుకీ కాస్త ముందే వెలగడం మొదలవుతుంది. అప్పుడప్పుడు తుడవాలి, గత్యంతరం లేదు.

సెన్సార్ దూరంగా పెట్టాల్సి వస్తే దాని వైర్లని కరెంటు వైర్ల పైపులోంచే లాగొద్దు. రెండు తీగల్ని మెలిపెట్టి విడిగా తీసుకెళ్లండి, బోర్డు దగ్గర అనలాగ్ పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేయండి. మిక్సీ వేసినప్పుడు వచ్చే గోల చాలావరకు దీంతో తగ్గుతుంది.

ఇప్పుడు రిలే. మీరు మాడ్యూల్ వాడారు కాబట్టి పర్వాలేదు కానీ, విడి రిలే కొని పిన్‌కి నేరుగా కలిపేవాళ్ల కోసం చెప్తున్నాను. ఆ నీలం రంగు 5 వోల్ట్ రిలే కాయిల్ (లోపలి తీగ చుట్ట) సుమారు 70 ఓమ్‌లు, అంటే 70 మిల్లీఆంపియర్ల పైన లాగుతుంది. ఊనో చిప్ పిన్‌కి గరిష్ఠ పరిమితే 40. ట్రాన్సిస్టర్ ఉండాలి, కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 లాంటి డయోడు ఉండాలి. మాడ్యూల్‌లో ఇవి ముందే ఉంటాయి.

మాడ్యూల్‌తో ఇంకో చిక్కుంది. వాటిలో చాలావాటికి పిన్ "లో" (0 వోల్టులు) అయితే రిలే ఆన్, "హై" (5 వోల్టులు) అయితే ఆఫ్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మీ లైటు ఒక్క క్షణం తళుక్కుమంటోందా? సెటప్‌లో ముందు పిన్‌ని హై చేసి, ఆ తర్వాతే పిన్‌మోడ్‌ని అవుట్‌పుట్ చేయండి. వరుస తారుమారైతే ఆ తళుకు వస్తుంది. లైటుకైతే నష్టం లేదు, కానీ అదే చోట మోటారు ఉంటే కరెంటు వచ్చిన ప్రతిసారీ ఓ కుదుపు.

కరెంటు వైపు గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. రిలే కాంటాక్టు ఫేజు మీదే ఉండాలి, న్యూట్రల్ మీద కాదు. న్యూట్రల్‌ని తెంపినా లైటు ఆరిపోతుంది, అందుకే తప్పు బయటపడదు. కానీ హోల్డరులో ఫేజు అలాగే ఉంటుంది, ఆరిన బల్బు మార్చబోయినవాళ్లకి షాక్ తగులుతుంది. బ్రెడ్‌బోర్డు మీద, జంపర్ వైర్లతో 230 వోల్టులు తీసుకెళ్లే పని ఎప్పుడూ పెట్టుకోవద్దు. రిలే వైపు స్క్రూ టెర్మినళ్లు, తగిన మందం వైరు, ముందు ఒక ఫ్యూజు, మొత్తం మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో. సోల్డరింగ్ అలవాటు ఉన్నంత మాత్రాన ఇంటి వైరింగ్ వచ్చినట్టు కాదు. సందేహం ఉంటే ఆ ఒక్క కనెక్షన్ ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఒక కెపాసిటర్‌తో 5 వోల్టులు తీసే సర్క్యూట్లు తిరుగుతుంటాయి, వాటి జోలికి పోవద్దు. అందులో మీరు చేత్తో ముట్టుకునే ఎల్‌డీఆర్ కాలు కూడా కరెంటుకి కలిసే ఉంటుంది. మామూలు మంచి 5 వోల్ట్ అడాప్టర్ చాలు.

రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది కదా అని నేనూ ఒకప్పుడు నిబ్బరంగా ఉన్నాను. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఎనిమిది ఒకే రిలే మీద పెట్టాను. మొత్తం 72 వాట్లు, లెక్క ప్రకారం అర ఆంపియర్ కూడా లేదు. నాలుగు నెలలకి లైట్లు ఆరడం మానేశాయి. రిలే టక్కుమంటోంది, మాడ్యూల్ మీది చిన్న లైటు ఆరుతోంది, బయట బల్బులు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ పిడితో రిలే నెత్తి మీద చిన్నగా ఒకటి ఇచ్చాను, ఠక్కున అన్నీ ఆరిపోయాయి. కాంటాక్టులు అతుక్కుపోయాయన్నమాట. ఎల్‌ఈడీ డ్రైవర్లలో ముందు భాగంలో కెపాసిటర్ ఉంటుంది. స్విచ్ వేసిన మొదటి క్షణంలో, మిల్లీసెకనులో చిన్న వంతు సేపు, అది మామూలు కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది. ఎనిమిదీ ఒకేసారి లాగితే కాంటాక్టు దగ్గర చిన్న వెల్డింగే. రిలే మీద రాసిన 10 ఆంపియర్లు హీటర్ లాంటి రెసిస్టివ్ లోడు లెక్క. బల్బులు ఎక్కువైతే రెండు మూడు రిలేలకి పంచి, ఒకదాని తర్వాత ఒకటి అర సెకను తేడాతో వేయండి.

ఈ బాధ పడలేక కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ రిలేకి మారదామనుకుంటారు. టకటక చప్పుడు ఉండదు, నిజమే. కానీ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా దానిలోంచి కాస్త కరెంటు జారుతుంది, ఒక్క చిన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే ఆర్పాక కూడా దెయ్యంలా మసకగా వెలుగుతూ ఉంటుంది. పైగా అది పాడైతే ఎక్కువగా ఆన్‌లోనే ఇరుక్కుంటుంది. బయటి లైటుకి మామూలు రిలేనే నాకిష్టం.

మీ రెండో ప్రశ్న. గీజరు 2000 వాట్లదైతే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు. 10 ఆంపియర్ల చిన్న రిలేకి అది అంచు మీద నడక. ఆ మాడ్యూళ్ల మీద రాగి దారులు కూడా అంత కరెంటుని గంటల తరబడి మోయడానికి వేసినవి కావు, వేడెక్కుతాయి. అది పక్కన పెట్టినా, వెలుతురుని బట్టి నీళ్లు కాగాల్సిన అవసరం ఏముంది? మబ్బు పట్టిందని మధ్యాహ్నం గీజరు వెలిగితే చూసేవాళ్లు ఎవరు? ఇస్త్రీపెట్టె, హీటరు, స్టవ్, ఇలా మనిషి దగ్గర లేకుండా వేడెక్కే ఏ వస్తువునీ సెన్సార్ చేతికి అప్పగించను.

మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచే కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది. దానికి కాంటాక్టర్ (పెద్ద కరెంటుని మోసే రిలే) పెట్టి, మీ రిలేతో ఆ కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడపాలి. కానీ అక్కడ మీకు కావలసింది ట్యాంకులో నీటి మట్టం చెప్పే సెన్సార్, వెలుతురు కాదు. ఫ్యాను కూడా అంతే, గదిలో మనిషి ఉన్నాడో లేడో ఎల్‌డీఆర్‌కి తెలియదు. దానికి పీఐఆర్ సెన్సార్ (మనిషి కదలికని పసిగట్టేది) కావాలి. వెలుతురు సెన్సార్ నిజంగా పనికొచ్చేవి: బయటి లైట్లు, నడవాలో చిన్న రాత్రి దీపం, అక్వేరియం లైటు, కర్టెన్ మోటారు. పీఐఆర్‌తో జత కడితే ఇంకా బాగుంటుంది. చీకటిగా ఉండి, మనిషి కదిలితేనే మెట్ల లైటు వెలగడం లాంటివి.

ఒక మాట అంటే మీకు నిరుత్సాహం కలగొచ్చు. ఉన్నది ఒకే ఒక్క వరండా లైటు అయితే దీనికి మైక్రోకంట్రోలర్ అక్కర్లేదు. ఎల్ఎం393 కంపారేటర్ (రెండు వోల్టేజీలని పోల్చే చిప్), దానికి ఒక ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఉంటే రెండు గీతలు వాటంతటవే వచ్చేస్తాయి. రెడీమేడ్ ఫోటోసెల్ స్విచ్‌లైతే వైరు కలిపితే చాలు. నేర్చుకోవడానికి చేస్తున్నారంటే ఆర్డ్యునోనే మంచిది. చీకటి పడ్డాక వెలిగి పదకొండింటికి ఆరాలి, తెల్లవారుజామున మళ్లీ ఓ గంట వెలగాలి లాంటి కోరికలు ఉన్నప్పుడు దానికి అసలు పని దొరుకుతుంది.

ఎప్పుడైనా వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డుకి మారితే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. వైఫై ఆన్‌లో ఉంటే దాని రెండో ఏడీసీకి (అనలాగ్ వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) చెందిన పిన్‌ల మీద అనలాగ్ రీడింగ్ కుదరదు, ఎల్‌డీఆర్‌ని 32 నుంచి 39 లోపు ఉన్న పిన్‌లలో ఒకదానికి ఇవ్వండి. ఎల్‌డీఆర్, రెసిస్టర్ జంటకి 5 వోల్టులు కాదు, 3.3 ఇవ్వాలి. ఎల్‌డీఆర్‌ల తేడాలతో విసిగిపోతే బీహెచ్1750 అనే డిజిటల్ వెలుతురు సెన్సార్ పెట్టుకోండి, అది నేరుగా లక్స్‌లోనే చెప్తుంది. అప్పుడు గీతలు 5, 15 లక్స్ దగ్గర మొదలుపెట్టి సర్దుకోవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా కొట్టుకుంటే మూడు విషయాలు రాయండి: రాత్రి లైటు వేసినప్పటి రీడింగ్, ఆర్పినప్పటి రీడింగ్, టకటక మొదలయ్యే వేళ. సెన్సార్ నుంచి లైటు ఎంత దూరంలో ఉందో కూడా చెప్పండి. ఫోటో పెట్టేట్టయితే మెయిన్ ఆపి, డబ్బా మూత తీసి తీయండి.